వాచీ డయల్‌కు పాతదనం తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వారానికి ఒకరైనా అడుగుతారు: "కొత్త డయల్ కొన్నాను, టీలో ముంచితే పాతదైపోతుందా?" చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇదంతా ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. అందుకే ఒకే జాగ్రత్త రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. నేను వాచీ మెకానిక్‌ను కాను. ఇంట్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నవాణ్ణి.

## మొదలుపెట్టే ముందు

బాగున్న కొత్త డయల్‌ను చేతులారా పాడుచేసుకోవడం ఎందుకు?

నలభై ఏళ్ళు వాడిన వాచీ కేసులో (బయటి లోహపు తొడుగులో) తళతళలాడే తెల్ల డయల్ పెట్టి చూడండి. తాతయ్యకు కొత్త పళ్ళసెట్టు పెట్టినట్టుంటుంది. పాత డయల్ పూర్తిగా పుచ్చిపోయి, దొరికేది కొత్త డయల్ ఒక్కటే అయినప్పుడు రెంటికీ కాస్త పొత్తు కుదర్చడానికే ఈ పని. ఇది మనలాంటి వాళ్ళ పిచ్చి మాత్రమే కాదు. కొత్తగా పూసినా ముదురు మీగడ రంగులో కనిపించే ‘ఓల్డ్ రేడియం’ ఛాయ ల్యూమ్‌ను (చీకట్లో వెలిగే పూతను) కంపెనీలే వాడుతున్నాయి. స్విస్ కంపెనీ ఓరిస్ వారి డైవర్స్ సిక్స్టీ-ఫైవ్ వాచీలో ఆ రంగు చూడొచ్చు.

మా నాన్నగారి హెచ్ఎంటీ జనతా మీద చేయొచ్చా అన్నా?

వద్దు తమ్ముడూ. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. 2016లో ఆ విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. కాబట్టి ఫ్యాక్టరీ డయల్ ఒకటి పోతే పోయినట్టే. మీ నాన్నగారి వాచీ మీద ఉన్నది ఆయన చెమటతో, ఆయన తిరిగిన ఎండతో వచ్చిన వయసు. దాని మీద మన టీ మరకలెందుకు? చేయాలని చెయ్యి దురద పెడితే విడి డయల్ కొని దాని మీద చేయండి. అసలు డయల్ అలాగే ఉండనివ్వండి, తుడవను కూడా తుడవకండి. పాత డయల్ మీది అక్షరాలు తడి దూది తగిలితే చాలు, లేచి వచ్చేస్తాయి.

నేర్చుకోవడానికి ఏ డయల్ కొనాలి?

సైకో ఎన్‌హెచ్35 మెషిన్‌కు (వాచీ లోపలి యంత్రానికి) సరిపోయే 28.5 మిల్లీమీటర్ల డయల్స్ ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతాయి. పేరు, గుర్తు లేనివి తీసుకోండి. ఒకటి కాదు, ఒకే రకం మూడు. మొదటిది పాడుచేయడానికి, రెండోది నేర్చుకోవడానికి, మూడోది పెట్టుకోవడానికి. ఇంకా చవక దారి కావాలంటే మీ ఊళ్ళో పాత వాచీ రిపేరు కొట్టుకు వెళ్ళండి. వాళ్ళ దగ్గర బిస్కెట్ డబ్బా నిండా పనికిరాని డయల్స్ ఉంటాయి. మర్యాదగా అడిగితే గుప్పెడు ఇస్తారు.

కొన్నాక ముందు తేల్చుకోవలసింది డయల్ పైపూత ఏమిటన్నది. అడుగున దాదాపు ఎప్పుడూ ఇత్తడి రేకే. దాని మీద రంగు ఉందా, వెండి పూత ఉందా, పైన వార్నిష్ ఉందా అన్నదాన్ని బట్టి పద్ధతి మారిపోతుంది. కేసు కింద దాగిపోయే చివరి అంచు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్ల ఆనించి చూడండి. రంగు అంటుకుంటే పూత బలహీనమైనది, మెత్తగా వ్యవహరించాలి.

నిజంగా పాతబడిన డయల్ ఎలా ఉంటుంది? మేం దేన్ని అనుకరించాలి?

అందరూ ఆఖరికి అడిగేది ఇదే. నిజానికి మొదట అడగాల్సింది ఇది.

మా నాన్న జనతాను భూతద్దం కింద పెడితే నాలుగు, అయిదు అంకెల మధ్య అంచున పసుపు అంటిన బొటనవేలు ఆనించినట్టు ఒక నెలవంక మరక ఉంది. బయటివైపు ముదురు గోధుమరంగు, లోపలికి పోయేకొద్దీ పలచబడి మీగడ రంగులో కలిసిపోతుంది. మధ్యలో ఏమీ లేదు, దాదాపు శుభ్రం. ఆ మరక అక్కడే ఎందుకు వచ్చింది? తేమ లోపలికి పోయే ముఖ్యమైన దారులు రెండు: కీ ఉన్న గొట్టం, అద్దం చుట్టూ ఉన్న సందు. అందుకే నిజమైన మచ్చలు మూడు గంటల వైపు, అంచు చుట్టూ ఎక్కువ ఉంటాయి. డయల్ నడిబొడ్డున ఒక మరక వేసి అంచును తెల్లగా వదిలేశారంటే చూసినవాడు నవ్వుతాడు.

ఎండ పని వేరు. ముళ్ళు తిరుగుతూ ఉంటాయి కాబట్టి వాటి నీడ పడదు, రంగు మొత్తం ఒకేలా దిగుతుంది. కానీ కేసు కింద దాగిన అంచు మాత్రం పాత రంగులోనే ఉండిపోతుంది. పాత డయల్ విప్పినప్పుడు చుట్టూ సన్నని గీతలా ఆ అసలు రంగు కనిపిస్తుంది. నకిలీ పాతదనం చేసేవాళ్ళు ఈ గీతను మరిచిపోతారు.

రేడియం పూసిన ముళ్ళున్న వాచీ ఏళ్ళ తరబడి సొరుగులో ఆగిపోయి ఉంటే, ముల్లు నిలిచిన చోట డయల్ మీద దాని ఆకారంలోనే గోధుమ నీడ పడుతుంది. దాన్ని రేడియం బర్న్ అంటారు. 1950, 60 దశకాల నల్ల డయల్స్ కొన్ని రంగులో, వార్నిష్‌లో ఉన్న లోపం వల్ల ఎండకు చాక్లెట్ రంగుకు తిరిగాయి. వాటిని ట్రాపికల్ అంటారు. ఆ రోజుల్లో అది లోపం, ఈ రోజుల్లో వేలంపాటలో అదనపు ధర. 1980ల నాటి కొన్ని నల్ల నిగనిగల రోలెక్స్ డయల్స్ మీద వార్నిష్ సాలెగూడులా చిట్లింది, అవి స్పైడర్ డయల్స్.

వీటిలో ఒక్కటే ఎంచుకోండి. అన్నీ ఒకే డయల్ మీద కలిపితే నాటకాల పెట్టెలో సామానులా ఉంటుంది.

పాత డయల్ మీద రేడియం పూత ఉంది. గీకేసి కొత్తది పూయొచ్చా?

గీకకండి. తడి దూది కూడా పెట్టకండి. సుమారు 1960ల మధ్యకు ముందటి వాచీలో మెరిసే పూత ఉంటే అది రేడియమే అనుకుని నడుచుకోవాలి. చీకట్లో వెలగడం లేదు కదా అని ధీమా పడొద్దు. చచ్చిపోయింది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం-226 సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం మూసి ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. పొడి రాలి ఊపిరిలోకో నోట్లోకో పోతే మాత్రం ఎముకల్లో చేరుతుంది. 1910ల చివర, 20లలో అమెరికాలో న్యూజెర్సీ ఆరెంజ్ ఊళ్ళో డయల్స్‌కు రేడియం పూసిన ఆడపిల్లలు కుంచె మొన పదునుగా రావడానికి పెదాల మధ్య పెట్టుకునేవారు. వాళ్ళలో పలువురు దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. డయల్ ముందు వైపు, ఆరు అంకె కింద అంచున ‘టి’ అక్షరం ఉంటే అది ట్రిటియం, రేడియం బదులు వాడిన మరో రేడియోధార్మిక పదార్థం. దాని సగం ఆయువు 12 ఏళ్ళు దాటి కొంచెమే. అయినా దాన్నీ గీకే పని పెట్టుకోకండి.

## విప్పేటప్పుడు

డయల్‌ను మెషిన్ మీదే ఉంచి పని కానిచ్చేయొచ్చా?

కుదరదు. తేమ, ఆవిరి, వెనిగర్ ఏదైనా సరే మధ్య రంధ్రంలోంచి దిగి ఉక్కు ఇరుసులకు తుప్పు పట్టిస్తుంది. ముళ్ళు తీసేముందు మూడింటినీ పన్నెండు దగ్గర కలిపి పెట్టుకోండి. పాల ప్యాకెట్ కడిగి కత్తిరించిన ముక్కను డయల్ మీద పరిచి, దాని మీదుగా ముళ్ళు లేపే లీవర్లు వాడండి. లేకపోతే మొదటి రోజే గీత పడుతుంది. తర్వాత డయల్. కొన్ని మెషిన్లలో పక్కన రెండు బుల్లి స్క్రూలు డయల్ కాళ్ళను (డయల్ వెనక ఉండే సన్నని లోహపు పుల్లలను) పట్టి ఉంచుతాయి, వాటిని వదులు చేస్తే చాలు, పూర్తిగా తీయకండి. కొన్నింటిలో కాళ్ళు బిగుతు మీదే నిలబడతాయి. వాటిని రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా లేపాలి. మెషిన్‌ను మూత ఉన్న డబ్బాలో పెట్టి, పని జరిగే గదిలో కాకుండా పక్క గదిలో దాచండి.

డయల్ కాలు విరిగింది. ఇప్పుడెలా?

పారేయక్కర్లేదు. పలచటి రెండు వైపులా అంటుకునే డయల్ చుక్కలు దొరుకుతాయి, మూడు చాలు. టంకం వేయిస్తానని వెళ్ళకండి. ఆ వేడికి ముందు వైపు రంగు పొంగుతుంది.

## రంగు మార్చేటప్పుడు

టీ డికాషన్ నిజంగా పనిచేస్తుందా? ఎంతసేపు నానబెట్టాలి?

గరుకుగా ఉండే తెల్ల, మీగడ రంగు డయల్స్ మీద పనిచేస్తుంది. వార్నిష్ మెరుపున్న డయల్ మీద తామరాకు మీద నీటిబొట్టే.

నానబెట్టడం అన్నదే తప్పు. అరగ్లాసు నీళ్ళలో రెండు చెంచాల టీ పొడి వేసి సగానికి మరిగించండి. చక్కెర, పాలు వద్దని వేరే చెప్పక్కర్లేదు కదా (ఒకాయన చక్కెర వేశారు, రెండో రోజు డయల్‌కు చీమలు పట్టాయి). గుడ్డలో వడగట్టి పూర్తిగా చల్లారనివ్వండి. సన్న కుంచెతో అంచున అద్ది, అయిదు నిమిషాలాగి టిష్యూ మొనతో పీల్చేయండి. ఆరాక చూడండి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించేది ఆరాక సగమే ఉంటుంది. ఆ తేడా తెలియక పూత మీద పూత వేసుకుంటూ పోతారు. మూడు నాలుగు విడతలు, మధ్యలో గంట గంట విరామం. ల్యూమ్ చుక్కల మీద మాత్రం తడి పడనివ్వకండి. ఇప్పటి ల్యూమ్‌లో ఉండే స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు నీళ్ళు పడవు, వెలుగు పోతుంది.

టీ బదులు ఫిల్టర్ కాఫీ డికాషన్ వాడొచ్చా?

వాడొచ్చు, దానితోనూ గోధుమరంగు వస్తుంది. చికోరీ కలిపిన పొడి వద్దు. ఆరాక జిగురు పొర మిగులుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అచ్చంగా కాఫీ గింజల పొడి ఉంటేనే.

ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) కాలిస్తే త్వరగా అవుతుందట కదా?

అవుతుంది, త్వరగా పాడూ అవుతుంది. వేడికి పాత తరహా వార్నిష్ పసుపు తిరుగుతుంది. నేను 80 నుంచి 100 డిగ్రీల మధ్య, ఇరవై నిమిషాల చొప్పున, ప్రతిసారీ తీసి చూసుకుంటూ చేస్తాను. చిక్కంతా ఓటీజీ తిప్పుడు బటన్ మీద ఉన్న అంకెను నమ్మడంలో ఉంది. నాది 100 దగ్గర పెడితే లోపల 130 దాకా పోయేది. ఆ సంగతి తెలిసేలోపు ఒక డయల్ మీద పన్నెండు దగ్గర అతికించిన లోహపు గుర్తు జిగురు కరిగి, ఏటవాలుగా ఉన్న ట్రేలో నెమ్మదిగా జారి నడిమి రంధ్రం దగ్గర ఆగింది. అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. లోపల పెట్టే థర్మామీటర్ విడిగా కొనుక్కోండి. సీసం-తగరం టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి ఆ దరిదాపులకు పోకూడదు. వార్నిష్ ఆవిరి వదిలిన ఓటీజీలో మళ్ళీ కేకులు చేయకండి. ఈ పనికి పాతది ఒకటి విడిగా పెట్టుకోవాలి. రేడియం పూత ఉన్న డయల్‌ను అసలు వేడిచేయొద్దు.

మేడ మీద ఎండలో పెడితే? మా ఊరి మే ఎండ చాలదా?

వడియాలు ఎండినంత తేలిక కాదు. ఇప్పటి రంగులు చాలావరకు ఎండకు తట్టుకునేలా తయారుచేసినవే. వారాలు పడుతుంది, కొన్నింటికి ఏమీ కాదు. పెట్టదలచుకుంటే సగం డయల్‌ను అల్యూమినియం రేకుతో కప్పి, పైన దుమ్ము పడకుండా పలచటి, పారదర్శకమైన ప్లాస్టిక్ గిన్నె బోర్లించండి. గాజు గిన్నె వద్దు, మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్ని ఆపేస్తుంది. రెండు వారాలకు రేకు తీసి రెండు సగాలూ పోల్చండి. తేడా లేకపోతే ఆ డయల్ ఎండకు లొంగేది కాదు.

ఇత్తడి డయల్‌కు ఆ పచ్చ-నీలం చిలుము ఎలా తెప్పించాలి?

మన ఇళ్ళలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమి చిలుము వదిలిస్తాం. ఇక్కడ చేసేది సరిగ్గా దానికి ఎదురు. డయల్ మీద వార్నిష్ ఉంటే ముందు అసిటోన్‌తో పూర్తిగా తీసేయాలి, వేలిముద్ర కూడా మిగలకూడదు. డయల్ కాళ్ళకు గోళ్ళ రంగు పూసి కాపాడండి. గాలి చొరబడని డబ్బాలో ఒక మూత నిండా వెనిగర్ పోసి, పక్కన సీసా మూత బోర్లించి దాని మీద డయల్ పెట్టండి. డయల్ మీద ఉప్పునీటి తుంపర చాలా పలచగా. గోధుమ-పచ్చ కలిసిన రంగు వస్తుంది. వెనిగర్ బదులు అమోనియా వాడితే నీలం ఎక్కువ. అరగంటకోసారి చూడాలి. "రాత్రి పెట్టి పొద్దున చూద్దాం" అన్నవాళ్ళ డయల్స్ అన్నీ చెత్తబుట్టలోకే వెళ్ళాయి.

అమోనియాతో రెండు జాగ్రత్తలు. బ్లీచింగ్ ఉన్న ఏ ద్రావణమూ దాని దగ్గరికి రానివ్వకండి, విషవాయువు పుడుతుంది. మేడ మీద, గాలి వీచే వైపు వీపు పెట్టి చేయండి. రెండోది, అమోనియా ఇత్తడిని పగలగొడుతుంది కూడా. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే చిట్లేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా దీనికి కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు. పలచటి డయల్ రేకుకు ఎక్కువసేపు ఆ ఆవిరి మంచిది కాదు.

రంగు నచ్చిన చోట ఆపి, వంటసోడా కలిపిన నీళ్ళలో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, బాగా ఆరబెట్టి, మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ పలచగా కొట్టండి. ఉప్పు మిగిలిపోతే వార్నిష్ కింద కూడా చిలుము పెరుగుతూనే ఉంటుంది.

వెండి పూత డయల్‌కు కోడిగుడ్డు పెడతారట, నిజమేనా?

నిజమే. ఉడికించిన గుడ్డును చితిపి, మూత ఉన్న డబ్బాలో ఒక మూల పెట్టి, డయల్‌ను తగలకుండా ఇంకో మూల పెట్టండి. గుడ్డు నుంచి వచ్చే గంధకపు వాయువు వెండిని ముందు లేత పసుపుకు, తర్వాత గోధుమకు, వదిలేస్తే నీలి-నలుపుకు తిప్పుతుంది. లేత పసుపు దగ్గరే తీసేయండి, అది దాటితే మసిపాత్రే. నికెల్ పూతకు ఇది పనిచేయదు. రంగు తిరగకపోతే మీది వెండి కాకపోవచ్చు, లేదా పైన వార్నిష్ ఉండొచ్చు.

వీటన్నిటిలో మీరైతే ఏది చేస్తారు?

రంగే. కెమికల్ కాదు, వేడి కాదు. ముందు డయల్ మీద మ్యాట్ ఆక్రిలిక్ వార్నిష్ పలచగా ఒక పొర. దాని మీద రా అంబర్ (ముదురు మట్టి గోధుమ), రా సియెన్నా (పసుపు గోధుమ) ఆయిల్ రంగులను టర్పెంటైన్‌లో టీ నీళ్ళంత పలచన చేసి, అంచు నుంచి లోపలికి సున్నా నంబరు కుంచెతో లాగుతాను. చిన్న మచ్చలకు పాత టూత్‌బ్రష్ కుచ్చును వేలితో వెనక్కి లాగి వదిలితే చాలు, ముందు కాగితం మీద రెండుసార్లు ప్రయత్నించి. నచ్చకపోతే టర్పెంటైన్ తడిపిన దూదిపుల్లతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. టీకీ చిలుముకీ ఈ సౌలభ్యం లేదు. ఆయిల్ రంగు ఎండడానికి వారం దాకా ఆగాలి, అదొక్కటే కష్టం.

నల్ల డయల్‌ను ట్రాపికల్ గోధుమరంగు చేయాలంటే?

పాత నల్ల రంగు తిరిగింది దాని లోపం వల్ల. ఇప్పటి నలుపులో ఆ లోపం లేదు. ఎండలో పెట్టినా కాల్చినా నలుపు నలుపే, లేదా బొబ్బలు. గోధుమరంగు డయలే కొని అంచు ముదురు చేసుకోవడం తెలివైన పని.

సాలెగూడు పగుళ్ళు తెప్పించవచ్చా?

నేను చేయను. ఫ్రీజర్‌లో పెట్టి వేడిచేస్తే పగుళ్ళు వస్తాయి, కానీ ఆ పెచ్చులు తర్వాత రాలి మెషిన్‌లో పడతాయి.

## ల్యూమ్, ముళ్ళు

కొత్త ల్యూమ్ పాల తెలుపులో ఉంది. దాన్ని ముదురు చేయడం ఎలా?

ఉన్నదాని మీద టీ పూయకండి, తేమ దాని వెలుగును తినేస్తుంది. పైన రంగు పూసినా ముసుగేసినట్టు కనిపిస్తుంది. ల్యూమ్ పొడిని వార్నిష్‌లో కలిపేటప్పుడే, గుండుసూది మొనకు అంటినంత రా సియెన్నా పొడి రంగు కలపండి. రంగు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. డయల్‌కూ ముళ్ళకూ ఒకే రోజు, ఒకే మిశ్రమం. పాత వాచీల్లో ముళ్ళ రంగు, డయల్ రంగు కొద్దిగా తేడాగా ఉండటం మామూలే కాబట్టి, వెంట్రుకవాసి తేడా వచ్చిందని బాధపడకండి.

డయల్ పాతగా వచ్చింది, ముళ్ళు కొత్త స్టీలులా మెరుస్తున్నాయి. ఏం చేయాలి?

ముళ్ళను రోడికో (వాచీ పనిలో వాడే మెత్తని జిగట ముద్ద) మీద గుచ్చి, మెరుపు మీద మ్యాట్ వార్నిష్ ఒక్క తుంపర. నడిమి రంధ్రం చుట్టూ పలచటి గోధుమరంగు. సెకన్ల ముల్లును ముట్టుకోకండి, బరువు పెరిగితే మెషిన్ మీద భారం పడుతుంది.

## బిగించాక

అద్దం లోపల పొగమంచులా పట్టింది. ఎందుకు?

వార్నిష్ పూర్తిగా ఎండకుండా బిగించారు. దాని ఆవిరి అద్దానికి అంటుతోంది, ముళ్ళ ఇరుసుల్లోకీ పోతుంది. విప్పేయండి. బిగించే ముందు డయల్‌ను చిన్న గాజు సీసాలో మూతపెట్టి ఒక పూట కిటికీ ఎండలో ఉంచండి. సీసా గోడ మసకబారితే ఇంకా ఎండలేదు. ముక్కుకు వాసన తగలకపోయినా ఈ పరీక్ష చేయండి. వెనిగర్ వాడిన డయల్‌కైతే రెండుసార్లు.

ఎక్కువైపోయింది, వెనక్కి తేవచ్చా?

ఆయిల్ రంగైతే, పూర్తిగా ఎండకముందు తేవచ్చు. మిగతావాటికి మూడో డయల్ ఉంది కదా, అందుకే మూడు కొనమన్నది.

## అమ్మేటప్పుడు

ఇలా చేసిన వాచీని పాతదని చెప్పి అమ్మితే తప్పేంటి? అందరూ చేస్తున్నదే కదా!

పాత ఫావ్రే ల్యూబా (స్విస్ కంపెనీ) వాచీలకు, హెచ్ఎంటీలకు కొత్త రంగు డయల్స్ వేసి ‘ఒరిజినల్ వింటేజ్’ అని విదేశాలకు అమ్మీ అమ్మీ మన దేశపు వాచీ అంటేనే కలెక్టర్లు అనుమానంగా చూసే పరిస్థితి తెచ్చారు. తెలిసి దాచి అమ్మడం మోసం కిందికే వస్తుంది, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ దానికోసమే ఉంది. కంపెనీ పేరు అచ్చువేయించిన నకిలీ డయల్ అయితే ట్రేడ్‌మార్కుల చట్టం అదనం. పైగా దొరకడం తేలిక: టార్చి చూపి ఆపితే కొత్త ల్యూమ్ నిమిషాల తరబడి వెలుగుతుంది, పాత ట్రిటియం క్షణాల్లో ఆరిపోతుంది.

మరి నేను చేసినదని కొనేవాళ్ళకు ఎలా తెలియాలి?

చెప్పండి, రాసివ్వండి. కాగితాలు పోతాయి కాబట్టి నేను ఇంకొకటి కూడా చేస్తాను. డయల్ వెనక, కాళ్ళ మధ్య, ఈ పని చేసిన సంవత్సరాన్ని, మళ్ళీ చేసినదని గుర్తుగా ‘రీ’ అన్న ఒక్క అక్షరాన్ని సూదితో గీస్తాను. యాభై ఏళ్ళ తర్వాత ఏ మెకానిక్ విప్పినా అది కనిపిస్తుంది.